అమ్మానాన్నతో ఎడారి పార్కులు: గైడెడ్ టూర్ బుక్ చేయొచ్చా?

గుంటూరు నుంచి కొత్తగా ఫీనిక్స్ వచ్చిన అబ్బాయి:
అందరికీ నమస్తే. ఉద్యోగం మీద ఈమధ్యే వచ్చాను, ఇంకా డ్రైవింగ్ లైసెన్స్ చేతికి రాలేదు. జూన్ చివర్లో అమ్మానాన్న గుంటూరు నుంచి వస్తున్నారు. లాస్ వేగస్ నుంచి గ్రాండ్ కాన్యన్, జయాన్, డెత్ వ్యాలీ చూపించే టూర్లు కనిపిస్తున్నాయి. "ఎండలు మనకేం కొత్తరా, బుక్ చేసెయ్" అంటున్నారు నాన్న. చేసెయ్యనా?

బెజవాడ పటమట, ప్రస్తుతం లాస్ వేగస్:
తమ్ముడూ, లైసెన్స్ లేదు కాబట్టి టూరే మేలు. కానీ డెత్ వ్యాలీ మాత్రం వద్దు. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఊళ్ల నుంచి వచ్చాం కదా అని మనవాళ్లు ఇక్కడి ఎండని లెక్కచేయరు. బెజవాడలో చెమటకి చొక్కా తడిసి ముద్దవుతుంది, నీడలోకి పొమ్మని ఒళ్లే చెబుతుంది. ఇక్కడి పొడిగాలికి చెమట పట్టగానే ఆరిపోతుంది. దాహం తెలిసేసరికే ఒంట్లో నీళ్లు తగ్గిపోయి ఉంటాయి. డెత్ వ్యాలీలో ఫర్నేస్ క్రీక్ దగ్గర 1913 జూలై 10న 56.7 డిగ్రీలు నమోదయ్యాయి, ఇప్పటికీ అధికారిక ప్రపంచ రికార్డు అదే. వేసవిలో పొద్దున పది దాటాక పల్లపు ప్రాంతాల్లో నడవొద్దని పార్కువాళ్లే హెచ్చరిస్తారు. మనిషికి రోజుకు నాలుగు లీటర్ల నీళ్లు ఉండాలంటారు. ఉత్త నీళ్లే తాగితే ఒంట్లో ఉప్పు తగ్గిపోతుంది, ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఊరి నుంచే తెమ్మను. డెత్ వ్యాలీ చూడాలంటే చలికాలంలో రావాలి.

ఇంకో మాట. ఫీనిక్స్‌లో ఉన్నవాడివి వేగస్ దాకా ఎందుకు? వేగస్ నుంచి గ్రాండ్ కాన్యన్ సౌత్ రిమ్ (లోయకి దక్షిణపు అంచు) దాదాపు 450 కిలోమీటర్లు, బెజవాడ-తిరుపతి కన్నా ఎక్కువే. ఒక్కరోజు టూర్ అంటే పోనూ రానూ తొమ్మిది గంటలు వ్యాన్‌లోనే కూర్చోవాలి. ఫీనిక్స్ నుంచి మూడున్నర గంటల్లో వెళ్లిపోవచ్చు. టూర్ కంపెనీవాళ్లని ముందు అడగాల్సింది పార్కులో ఎన్ని గంటలు ఆపుతారని. ఫొటోలు అందరూ మంచివే పెడతారు.

ఏ రిమ్ అన్నది కూడా అడుగు. స్కైవాక్ అనే గాజు వంతెన ఉన్నది గ్రాండ్ కాన్యన్ వెస్ట్‌లో. అది హువాలపాయ్ తెగవాళ్ల భూమి, నేషనల్ పార్క్ కాదు, పార్క్ పాస్ అక్కడ పనిచేయదు. సౌత్ రిమ్ 2,100 మీటర్ల ఎత్తున ఉంటుంది, జూన్‌లో కూడా రాత్రిపూట స్వెట్టర్ కావాలి.

గుంటూరు బ్రాడీపేట, రిటైర్డ్ మాస్టారు:
బాబూ, అమ్మాయి దగ్గరికి వచ్చినప్పుడు మేమూ ఇలాంటి టూరుకు వెళ్లాం. మీ నాన్నగారికి నా మాటగా చెప్పు, ఎండ సంగతి తర్వాత, ముందు మోకాళ్ల సంగతి చూసుకోమను. యాంటెలోప్ కాన్యన్ అనే ఇరుకు రాతి లోయని కూడా కలిపి అమ్ముతారు. అది నవాహో తెగవాళ్ల భూమి, వాళ్ల గైడ్ లేకుండా అడుగు పెట్టనివ్వరు. అందులో లోయర్ కాన్యన్‌కి నిటారుగా ఇనప మెట్లు దిగాలి, మా ఆవిడ పైనే కూర్చుండిపోయింది. జయాన్‌లో రివర్‌సైడ్ వాక్ మాత్రం చదునైన దారి, పక్కనే ఏరు, ఆవిడ హాయిగా నడిచింది. చెప్పులతో కాదు, మంచి బూట్లు కొనిపెట్టు. బీపీ మాత్రలు సూట్‌కేసులో కాకుండా చేతి సంచిలో ఉంచుకోమను. చిన్న ఊళ్లలో శాకాహారం దొరకడం కష్టం. పులిహోర, చపాతీలు కట్టుకెళ్లండి, గోంగూర సీసా ఎలాగూ వాళ్లే తెస్తారు.

బెజవాడ పటమట:
మాస్టారూ, నమస్కారం, మెట్ల సంగతి బాగా గుర్తుచేశారు. తమ్ముడూ, జూలై నడిమికి అక్కడ వానలు మొదలవుతాయి. యాంటెలోప్‌లో 1997 ఆగస్టులో వరద వచ్చి పదకొండు మంది చనిపోయారు. వాన పడింది అక్కడ కాదు, ఎగువన ఎక్కడో. అందుకే గైడ్ రద్దు చేశానంటే వాదించొద్దు. డబ్బు వెనక్కి ఇస్తారా లేదా అన్నది బుక్ చేసేముందే చూసుకో. టైమ్ కూడా తికమకే. అరిజోనాలో వేసవికి గడియారం గంట ముందుకు జరపరు, నవాహోవాళ్లు జరుపుతారు. ఫోన్ ఏ టైమ్ చూపిస్తుందో తెలియదు, దాన్నే నమ్మి వెళితే వ్యాన్ వెళ్లిపోవచ్చు.

తెనాలి అక్క, డల్లాస్:
పార్కు ఫీజు సంగతి ఎవరూ చెప్పలేదేం? 2026 జనవరి నుంచి విదేశీ సందర్శకులకి గ్రాండ్ కాన్యన్, జయాన్, బ్రైస్‌తో సహా 11 పార్కుల్లో మనిషికి అదనంగా 100 డాలర్లు పెట్టారు. విదేశీయుల వార్షిక పాస్ 250 డాలర్లు. అమ్మానాన్నది విజిటర్ వీసా కాబట్టి ఇది వాళ్లకి వర్తిస్తుంది. టూర్ ధరలో కలిపారా, గేటు దగ్గర అడుగుతారా అన్నది మెయిల్‌లో రాయించుకో. మా ఇంట్లోవాళ్లకి ఒక కంపెనీ ఫోన్‌లో "అన్నీ కలిపే" అని చెప్పి, తీరా అక్కడికెళ్లాక చేయి చాపింది. గైడ్‌కి టిప్ పదిహేను, ఇరవై శాతం ఇవ్వడం ఇక్కడి మర్యాద, దానికి చిల్లర నోట్లు విడిగా పెట్టుకో.