ఆరు వారాల టీకా: పెయిన్‌లెస్ వేయించాలా, సెంటర్‌లో ఫ్రీగా వేసేది చాలా?

మధురవాడ_అమ్మ:
పాపకి వచ్చే బుధవారానికి ఆరు వారాలు నిండుతాయండి. పిల్లల డాక్టర్ గారు పెయిన్‌లెస్ వేయమంటారా మామూలుదా అని అడిగారు. మా అత్తగారేమో మా పిల్లలందరికీ గవర్నమెంట్ సెంటర్‌లోనే వేయించాం, అందరూ బావున్నారు కదా అంటున్నారు. పుట్టినప్పుడు బీసీజీ వేస్తేనే అది ఏడ్చిన ఏడుపు ఇంకా నా చెవుల్లోనే ఉంది. వేయించినవాళ్లు చెప్పండి, నిజంగా నొప్పి ఉండదా?

గాజువాక_నాన్న:
సూది సూదేనండి. పెయిన్‌లెస్ అన్నది కూడా తొడలోకి గుచ్చాల్సిందే, గుచ్చితే పిల్ల ఏడవాల్సిందే. మా ఇద్దరికీ అర్బన్ సెంటర్‌లోనే వేయించీసాను, పైసా అవ్వలేదు. ఆ పేరు ఒకటి తగిలించి వేలకి వేలు లాగుతున్నారు.

ఎంవీపీ_శ్రావణి:
రెండూ వేయించినదాన్ని నేను, నన్ను చెప్పనివ్వండి. పెద్దోడికి మామూలుది, చిన్నదానికి పెయిన్‌లెస్. పెద్దోడికి ఆ రాత్రి 103 జ్వరం, తొడ గట్టిపడి ఎర్రగా వాచిపోయింది, కాలు కదిపితే చాలు కెవ్వుమనేవాడు, తెల్లారేదాకా భుజం మీదే వాడు. చిన్నది సాయంత్రానికి పాలు తాగి పడుకుంది. ఇంకేం రుజువు కావాలి?

గాజువాక_నాన్న:
గుచ్చినప్పుడు ఏడ్చిందా లేదా, అది చెప్పండి ముందు.

ఎంవీపీ_శ్రావణి:
ఏడ్చింది. రెండు నిమిషాలు.

గాజువాక_నాన్న:
మరి నొప్పి లేనిది ఎలా అయ్యిందండి? ఆవిడ అడిగిందే అది.

కంచరపాలెం_వాసి:
మావాడికి తొడలో చిన్న గడ్డలా కట్టింది. కంగారు పడ్డాం గానీ కొన్ని వారాలకి అదే కరిగిపోయింది.

సూదిమందు_పెద్దమ్మ:
నేను ఏఎన్‌ఎంగా, అంటే సెంటర్‌లో టీకాలేసే నర్సుగా చేసి రిటైరైనదాన్నమ్మా. తేడా సూదిలో లేదు, మందులో ఉంది. సెంటర్‌లో వేసే పెంటావాలెంట్ అయిదు రోగాలకి, అంటే కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం, హెపటైటిస్ బి, హిబ్ అనే క్రిమితో వచ్చే మెదడువాపు, న్యుమోనియా. అందులో కోరింత దగ్గు క్రిమిని చంపి మొత్తంగా కలుపుతారు, అందుకే జ్వరం, వాపు ఎక్కువ. పెయిన్‌లెస్‌లో ఆ క్రిమిలోని కొన్ని ముక్కలే ఉంటాయి, అందుకే ఒళ్లు అంతగా వేడెక్కదు, కాకపోతే దాని రక్షణ కాస్త తొందరగా తగ్గిపోతుంది. శ్రావణి తల్లీ, నువ్వు చెప్పేది రాత్రి నొప్పి. ఆ బాబు చెప్పేది గుచ్చినప్పటి నొప్పి. పాప తల్లికి ఒక మాట, ఆరు వారాలకి సెంటర్‌లో మూడు సూదులుంటాయి, పెంటా ఎడమ తొడకి, న్యుమోనియాది కుడి తొడకి, పోలియోది కుడి చేతి చర్మంలోకి చిన్నది. పోలియో చుక్కలు, విరేచనాలు రాకుండా రోటా చుక్కలు నోట్లో. మూడు అని విని బెదిరిపోకు.

గాజువాక_నాన్న:
చూసారా, రక్షణ తొందరగా తగ్గిపోద్దంట. అమెరికా వాళ్లు 1990ల్లో పూర్తిగా ఆ ముక్కల టీకాకి మారిపోయారు, 2010లో ఒక్క కాలిఫోర్నియాలోనే 9 వేల పైన కోరింత దగ్గు కేసులు, 10 మంది పసిపిల్లలు పోయారు. ఒక్క రాత్రి జ్వరానికి ఇంత గొడవేటండి?

ఎంవీపీ_శ్రావణి:
ఒక్క రాత్రి అని ఎంత తేలిగ్గా అనేసారో. మీ పిల్లలకి జ్వరమొచ్చినప్పుడు తెల్లారేదాకా ఎత్తుకుంది మీరా, మీ ఆవిడా? మా ఆయనకి ఆరోజు నైట్ షిఫ్ట్. ఇంట్లో నేనూ, నెలన్నర పిల్లాడూ, అంతే. జ్వరం వస్తుందని సెంటర్‌లో ఒక్కరూ చెప్పలేదు, నేను పిల్లాడు పోతాడేమో అనుకున్నాను. నెల తర్వాత రెండో డోసుకి వెళ్లి అడిగితే అందరి పిల్లలకీ వస్తుంది, నీ కొడుకేమైనా స్పెషలా అంది అక్కడామె, లైన్‌లో అందరి ముందూ. చిన్నదానికి నేను డబ్బు కట్టింది సూదికి కాదండి, కూర్చోబెట్టి నా మాట విన్నందుకు.

మధురవాడ_అమ్మ:
అయ్యో శ్రావణి గారూ.

గాజువాక_నాన్న:
ఎత్తుకుంది నేనే, మా ఆవిడకి ఆపరేషన్ కాన్పు. సరే, నా సంగతీ వినండి. మా చెల్లెల్ది ఆనందపురం అవతల. పక్కింటోళ్లు పెయిన్‌లెస్ వేయించారని విని, మామూలుది వేయిస్తే పిల్ల తట్టుకోలేదని భయపడిపోయింది. పెయిన్‌లెస్‌కి డబ్బుల్లేవు. వచ్చే నెల, వచ్చే నెల అని ఒక్క డోసూ వేయించలేదు. నాలుగో నెలలో కోరింత దగ్గు. దగ్గి దగ్గి ఊపిరందక గుంట మూతి నీలంగా అయిపోయేది, ఆసుపత్రిలో 12 రోజులు. నేను ఆ మంచం పక్కనే కూర్చున్నాను. అందుకే నొప్పి లేని టీకా అన్న మాట వింటే నాకు ఒళ్లు మండిపోద్ది. ఆ మాట వల్ల ఉచితంగా వేసేది ఏదో నాసిరకం అన్నట్టు అయిపోయింది.

ఎంవీపీ_శ్రావణి:
పాప ఎలా ఉంది ఇప్పుడు?

గాజువాక_నాన్న:
బావుంది. బడికెళ్తోంది.

ఎంవీపీ_శ్రావణి:
చాలా సంతోషమండి. కానీ మీ చెల్లెలు భయపడితే ఆవిడ పక్కన కూర్చుని జ్వరం ఒకట్రెండు రోజులే, పర్లేదమ్మా అని చెప్పినవాళ్లు ఎవరైనా ఉన్నారా? నాకూ లేరు. నేను చెప్పేది అదే.

గాజువాక_నాన్న:
ఆ భయం పుట్టించింది ఎవరో కూడా చెప్పాలి కదండి. నా మాట మీద నేనున్నాను.

సూదిమందు_పెద్దమ్మ:
డ్యూటీలో ఉన్నప్పుడు రద్దీలో నేను కూడా కసురుకున్న రోజులున్నాయమ్మా. చెప్పాల్సింది చెప్పకుండా పంపించాను కొందర్ని. ఇప్పుడు తలుచుకుంటే బాధగానే ఉంటుంది.

మధురవాడ_అమ్మ:
బుధవారం సెంటర్‌కే వెళ్తున్నానండి, మా ఆయన సెలవు పెట్టి వస్తున్నారు. పెద్దమ్మా, గుచ్చేటప్పుడు పాలివ్వొచ్చా? జ్వరానికి చుక్కలు ముందే వేసేయాలా?

సూదిమందు_పెద్దమ్మ:
ముందే వద్దు. జ్వరమొస్తే పారాసిటమాల్ ఎంత వేయాలో పాప బరువు చూసి వాళ్లనే చెప్పమను, రాయించుకో. నోటి చుక్కలు ముందు వేయించేసి, తర్వాత ఒళ్లో పెట్టుకుని పాలు పట్టు, పాలు తాగుతుండగానే గుచ్చమను. 2015లో డబ్ల్యూహెచ్‌వో వాళ్లు కూడా అదే చెప్పారు. బాగా మంటపెట్టే సూది ఆఖర్న వేయమని అడుగు. గుచ్చిన చోట రుద్దకు. అయ్యాక అరగంట అక్కడే కూర్చోండి. ఎవరైనా కసిరినా సరే, అడగాల్సినవన్నీ అడిగాకే అక్కణ్ణుంచి లే.