పటాన్‌చెరు పక్క ఊళ్ళో బోరు నీళ్ళకు రసాయనాల వాసన: ఏం చేయాలి?

ప్రశ్న

అందరికీ నమస్కారం. అమ్మానాన్న పటాన్‌చెరు దగ్గర, నక్కవాగు పక్కన ఊళ్ళో ఉంటారు. ఇంట్లో బోరు వేసి పన్నెండేళ్ళు. పోయిన నెల నుంచి నీళ్ళు వాసన వస్తున్నాయి. గోళ్ళరంగు సీసా మూత తీస్తే వచ్చే వాసన లాంటిది. పట్టినప్పుడు తేటగానే ఉంటాయి, స్టీల్ బిందెలో తెల్లారేసరికి పసుపు తిరుగుతాయి. బర్రె మూతి పెట్టి వెనక్కి తీసుకుంది. ఊరి చివర పాత క్వారీ గుంతలో నీలం డ్రమ్ములు పడేశారని, రాత్రిళ్ళు ట్యాంకర్ వస్తోందని పాలు పోసేవాళ్ళు అంటున్నారు. అన్న పిల్లలిద్దరూ అక్కడే ఉన్నారు. పాపకు ఆరేళ్ళు, బాబుకు మూడు. కాచి తాగితే సరిపోతుందా? ఆర్‌ఓ పెట్టించాలా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: నీళ్ళ ల్యాబ్‌లో పనిచేస్తాను

కాచొద్దండీ. కాచితే క్రిములు చస్తాయి కానీ సీసం, ఆర్సెనిక్ లాంటివి పోవు. నీరు ఆవిరై తగ్గిన కొద్దీ అవి ఇంకా చిక్కబడతాయి. మీరు చెప్పిన వాసన సాల్వెంట్‌ది, అంటే రసాయనాలను కరిగించే ద్రావకానిది, కావచ్చు. అదైతే కాచేటప్పుడు వంటింటి గాలిలో కలుస్తుంది. ఆ నీళ్ళతో వేడినీళ్ళ స్నానం కూడా ఆపండి, మూసిన బాత్రూమ్‌లో పిల్లలు దాన్నే పీలుస్తారు. పసుపు రంగు గురించి అంత భయం వద్దు. పట్టినప్పుడు తేటగా ఉండి తర్వాత రంగు తిరిగితే చాలాసార్లు అది ఇనుమే. నాకు అనుమానం వాసన మీదే.

ఆర్‌ఓ లోహాలను చాలావరకు ఆపుతుంది. కొన్ని సాల్వెంట్లు మాత్రం దాటిపోతాయి. ఏముందో తెలియకుండా మిషన్ కొనడం దండగ. నల్లా నీళ్ళు వస్తుంటే తాగడానికి, వంటకు అవే వాడండి. నీళ్ళలో కరిగిన లవణాలను చూపే చేతి టీడీఎస్ మీటర్‌ను నమ్ముకోకండి, 300 చూపించిన నీళ్ళలోనూ ఆర్సెనిక్ ఉండొచ్చు.

శాంపిల్ ట్యాంకులోంచి పట్టకండి. బోరు పది నిమిషాలు వదిలి, పైపు దగ్గరే పట్టాలి. సీసాలు ముందే ల్యాబ్ నుంచి తెచ్చుకోండి: లోహాలకు యాసిడ్ వేసిన ప్లాస్టిక్ సీసా, సాల్వెంట్లకు చిన్న గాజు సీసా. గాజుదాన్ని అంచుదాకా నింపి మూత బిగించి తలకిందులు చేసి చూడండి. బుడగ కనిపిస్తే మళ్ళీ పట్టాలి. ఐస్ డబ్బాలో పెట్టి అదే రోజు చేర్చండి. ల్యాబ్‌కు ఎన్‌ఏబీఎల్ (ల్యాబ్‌లకు గుర్తింపు ఇచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు ఉంటే చాలదు, మీరు అడిగే పరీక్షలకు ఉందో లేదో కనుక్కోండి.

రిపోర్టులో 'బీడీఎల్' అని ఉంటే అసలు లేదని కాదు, ఆ పరికరం పట్టగలిగే హద్దుకు కింద ఉందని అర్థం. తాగునీటి ప్రమాణంలో సీసానికి, ఆర్సెనిక్‌కు హద్దు లీటరుకు 0.01 మిల్లీగ్రాములు. పరికరం హద్దు అంతకన్నా పైనుంటే ఆ రిపోర్టుతో లాభం లేదు, అడిగి తెలుసుకోండి.

జవాబు: పిల్లల డాక్టర్‌ని

ఫుల్ బాడీ ప్యాకేజీలు, వెంట్రుకల పరీక్షలు, డీటాక్స్ మందుల జోలికి పోకండి. పిల్లలిద్దరికీ రక్తంలో సీసం, కాలేయం, కిడ్నీ పరీక్షలు చాలు. పిల్లల విషయంలో సీసం ఇంత ఉంటే ఫరవాలేదు అనే మోతాదే లేదు. నీళ్ళలో ఆర్సెనిక్ తేలితే అప్పుడు మూత్ర పరీక్ష. దానికి ముందు నాలుగు రోజులు చేపలు, రొయ్యలు పెట్టొద్దు, వాటివల్ల లెక్క తప్పుగా పెరుగుతుంది. అరచేతులు, అరికాళ్ళు గట్టిపడటం, ఒంటిమీద మచ్చలు ఏళ్ళ తరబడి తాగినవాళ్ళకు వస్తాయి. నెలకే అవి కనిపించలేదని నిశ్చింత పడొద్దు. తలనొప్పి, తల తిరగడం, వికారం ఎవరికైనా ఉంటే తేదీలతో సహా రాసిపెట్టండి.

జవాబు: మాదీ ఆ వైపే

తమ్ముడూ, డ్రమ్ముల దగ్గరికి ఎవర్నీ పోనీయకు. మూత తీసి వాసన చూసేవాడు, ఖాళీ డ్రమ్ము కడిగి నీళ్ళకు పెట్టుకునేవాడు ప్రతి ఊళ్ళో ఒకడుంటాడు. దూరం నుంచి ఫొటోలు తియ్యి, లేబుల్ కనిపిస్తే జూమ్ చెయ్యి.

మా నాన్న పంట నష్టం కాగితాలు ఇప్పటికీ బీరువాలో ప్లాస్టిక్ కవర్‌లో ఉన్నాయి. ఈ ప్రాంతం ఫ్యాక్టరీల కాలుష్యం కేసు 1990లో సుప్రీంకోర్టుకెక్కింది. 2001లో హైకోర్టుకు, 2013లో పర్యావరణ కేసులు చూసే గ్రీన్ ట్రిబ్యునల్‌కు మారి 2017లో తీర్పు వచ్చింది. లెక్కేసుకో, 27 ఏళ్ళు. ఆ మధ్యలోనే, 2007లో, స్వీడన్ పరిశోధకులు ఇక్కడి శుద్ధి ప్లాంటు వదిలిన నీళ్ళలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ మందు చూపించారు. మాత్ర మింగినవాడి రక్తంలో కూడా అంత ఉండదు. అది శుద్ధి చేశాక వదిలిన నీళ్ళ సంగతి!

అందుకే ముందు కాగితం పుట్టించు. కలెక్టర్‌కు ప్రజావాణిలో, కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయంలో రాసిచ్చి, అందినట్టు ముద్ర వేయించుకో. నువ్వు పట్టిన శాంపిల్ నీ ధైర్యానికే, కేసుకు మండలి వాళ్ళు వచ్చి పట్టిందే నిలుస్తుంది. పంచనామా అడుగు. పరిహారం కోసం చెన్నైలోని గ్రీన్ ట్రిబ్యునల్ బెంచ్‌కు పోవాలంటే ఐదేళ్ళ గడువుంది. మిగతా వివాదాలకు ఆరు నెలలే. తేదీలు జాగ్రత్త.

మళ్ళీ అడిగినవారు

చాలా థాంక్స్ అండీ. నిన్న మండలి వాళ్ళు వచ్చారు, డ్రమ్ములు ఎత్తిస్తామన్నారు. అంతటితో నీళ్ళు బాగుపడతాయా? నాన్న బోరు పూడ్చేద్దాం అంటున్నారు.

జవాబు: నీళ్ళ ల్యాబ్

డ్రమ్ములు ఎత్తితే రసాయనాలు కొత్తగా నేలలోకి దిగడం ఆగుతుంది. కింద తడిసిన మట్టిని కూడా తవ్వి, దుండిగల్‌లో ఉన్నట్టు అడుగున ప్లాస్టిక్ పొరలు పరిచిన ల్యాండ్‌ఫిల్‌కు (వ్యర్థాలు పూడ్చే చోటుకు) పంపాలి. పైన మొరం పోసి చదును చేస్తే ఒప్పుకోకండి. ఇక మనది రాతి నేల, నీళ్ళు బండల పగుళ్ళ వెంట పోతాయి. పక్కింటి బోరు బాగుండి మీది పాడవడం అందుకే. ఆ పగుళ్ళలోంచి తోడి, కార్బన్‌లో వడగట్టి శుభ్రం చేయడానికి ఏళ్ళు పడుతుంది.

బోరు మాత్రం పూడ్చొద్దని నాన్నగారికి చెప్పండి. మోటారు తీసేసి మూతకు సీలు వేయించండి. మూడు నెలలకోసారి పరీక్షకు అదే బోరు కావాలి.