రెండో రోజుకే పెచ్చు లేస్తే తప్పు పాలిష్‌దా, వేసిన తీరుదా?

నున్నగోరు:
నెయిల్ పాలిష్ రివ్యూ రాయబోతూ ఒకచోట ఆగాను. ముదురు ఎరుపు, క్రీమ్ ఫినిష్ (మెరుపు రేణువులు లేని నిండు రంగు). రంగు రెండు కోట్లు, పైన త్వరగా ఆరే టాప్ కోట్. రంగు కింద వేసే బేస్ కోట్ లేదు. చేతులు సబ్బుతో కడిగి, తుడుచుకుని వెంటనే వేశాను. వచ్చిన ఇబ్బందులు మూడు. ఆరాక గోటి మధ్యలో సన్నటి బుడగలు కనిపించాయి. రెండో రోజుకే చివర్లు పెచ్చులూడాయి. తీసేశాక గోళ్లు పసుపు రంగుకు తిరిగాయి. ఇదే సీసా గురించి వారం నిలిచిందన్నవాళ్లూ ఉన్నారు, అస్సలు నిలవదన్నవాళ్లూ ఉన్నారు. "నిలవదు" అని రాసేముందు అది నిజంగా పాలిష్ లోపమేనని ఎలా తేల్చుకోవాలి? రెండు పాలిష్‌లను పోల్చాలంటే ఏ వేలికి ఏది వేయాలి?

రంగులడబ్బా:
ముందు ఆ సబ్బునీళ్ల సంగతి. గోరు నీళ్లు పీలుస్తుంది. పీల్చినప్పుడు కాస్త ఉబ్బుతుంది, వంపు కూడా కొద్దిగా మారుతుంది. ఆ తడి మీద పాలిష్ వేస్తే, ఆరే కొద్దీ గోరు మళ్లీ తన ఆకారానికి వస్తుంది, పైనున్న పొర మాత్రం అంతగా సర్దుకోలేదు. పట్టు ముందుగా సడలేది చివరి అంచు దగ్గరే. కడిగాక కనీసం అరగంట ఆగండి, గంటైతే ఇంకా మంచిది.

ఆ తర్వాత అసిటోన్ గానీ ఐసోప్రొపైల్ ఆల్కహాల్ గానీ తడిపిన, పీచు వదలని గుడ్డముక్కతో గోటిని తుడవండి. పైభాగం ఒక్కటే తుడిస్తే చాలదు. రెండు పక్కల గాడుల్లో, చివరి అంచు కింద కూడా తుడవాలి, హ్యాండ్ క్రీమ్ దాక్కునేది అక్కడే. "మాయిశ్చరైజింగ్" అని రాసున్న రిమూవర్ ఈ పనికి పనికిరాదు, తుడిచిన చోటే మళ్లీ నూనె వదులుతుంది. తుడిచాక జుట్టు, ముఖం ముట్టుకోవద్దు.

వేసే తీరు: బ్రష్‌కు ఒక పక్కను సీసా మూతి లోపలి అంచుకు ఒత్తి పూర్తిగా తుడవండి, రెండో పక్కన ఒక చిన్న బొట్టు ఉంచండి. ఆ బొట్టును క్యూటికల్‌కు (గోటి మొదట్లో ఉండే పల్చటి చర్మానికి) వెంట్రుకవాసి ఎడంగా ఆనించి, కొద్దిగా వెనక్కి నెట్టి, చివరిదాకా ఒక గీత లాగండి. తర్వాత అటొకటి, ఇటొకటి. అంతే. సరిగా పడలేదని అదే చోట మళ్లీ మళ్లీ బ్రష్ ఆడిస్తే సగం ఆరిన పొర లాక్కొచ్చి గరుకుగా తయారవుతుంది. మొదటి కోట్ చారలు చారలుగా కనిపించినా వదిలేయండి, వాటిని కప్పడం రెండో కోట్ పని. మధ్యలో రెండు మూడు నిమిషాలైనా ఆగాలి.

ప్రతి కోట్‌లోనూ బ్రష్ కొసతో గోటి చివరి అంచు మందాన్ని కూడా ఒకసారి అద్దండి. బేస్, రంగు, టాప్ మూడింటికీ ఇది చేయాలి. అలా మూయకపోతే నీళ్లు పొరల మధ్యకు దూరేది అక్కడినుంచే.

బుడగలు సాధారణంగా మందపు కోట్ వల్ల వస్తాయి. పైభాగం ముందే ఆరి పాల మీద మీగడలా గట్టిపడుతుంది. కింద మిగిలిన సాల్వెంట్, అంటే పాలిష్‌ను కరిగించి ఉంచే ద్రవం, ఆవిరై పైకి రాబోతూ అక్కడే చిక్కుకుంటుంది. ఫ్యాన్ కింద కూర్చున్నా, హెయిర్ డ్రయ్యర్ వేడిగాలి పట్టినా పైపొర ఇంకా తొందరగా ఆరిపోయి బుడగలు ఎక్కువవుతాయి. సీసా ఊపడం కూడా మానేయండి, అరచేతుల మధ్య దొర్లించండి.

బ్యూటైల్:
పైన చెప్పినవాటిలో ఒక్కదానితో పూర్తిగా ఏకీభవించను. ఊపితే బుడగలొస్తాయన్నది సగమే నిజం. రంగు అడుగున గట్టిగా పేరుకున్నప్పుడు, గ్లిట్టర్ కిందికి దిగిపోయినప్పుడు దొర్లిస్తే సరిపోదు. అలాంటప్పుడు రంగు కలవడానికి సీసాలో ఉండే స్టీలు గుండ్లు కదిలేలా ఊపి, పది పదిహేను నిమిషాలు సీసాను కదపకుండా నిలబెట్టండి. చిక్కిన గాలి పైకి తేలిపోతుంది. ఊపిన వెంటనే వేయడమే అసలు తప్పు. బుడగలు ఎప్పుడు కనిపించాయో గమనించండి: బ్రష్ తీసిన క్షణంలోనే ఉంటే సీసాలోంచి వచ్చిన గాలి, ఆరుతుండగా పుడితే కోట్ మందం.

పాత సీసాతో ఇంకో చిక్కు. మామూలు పాలిష్‌లో పొరకట్టేది నైట్రోసెల్యులోజ్. దాన్ని కరిగించి ఉంచేవి ముఖ్యంగా ఇథైల్ అసిటేట్, బ్యూటైల్ అసిటేట్. వీటిలో ఇథైల్ అసిటేట్ త్వరగా ఎగిరిపోతుంది. మూత తెరిచి పెట్టి పది వేళ్లూ నిదానంగా వేసుకుంటే ప్రతిసారీ కొంత పోతుంది, పాలిష్ తీగలు సాగడం మొదలవుతుంది. అలాంటి సీసాతో పలచటి కోట్ వేయడం ఎవరికైనా కష్టమే, కాబట్టి అది ఫార్ములా లోపం కింద రాయకూడదు. పై రెండు అసిటేట్లతో తయారయ్యే నెయిల్ పాలిష్ థిన్నర్ రెండు మూడు చుక్కలు వేసి, దొర్లించి, కొన్ని నిమిషాలు ఆగి బ్రష్ నుంచి బొట్టు ఎలా జారుతోందో చూడండి. చాలకపోతే ఇంకో చుక్క. రిమూవర్ మాత్రం ఎప్పుడూ పోయొద్దు. అందులో నీళ్లు, నూనెలు కలిసి ఉండొచ్చు. అసిటోన్ ఒక్కటే అయినా మరీ త్వరగా ఎగిరిపోయి పొర సమంగా పరుచుకోనివ్వదు. మూత పెట్టేముందు సీసా మెడను కూడా తుడిచి పెట్టండి, అక్కడ పాలిష్ ఎండితే మూత సరిగా బిగియదు.

టాప్ కోట్‌నూ అనుమానించాలి. త్వరగా ఆరే రకాలు కొన్ని ఆరుతూ కుంచించుకుపోతాయి, కింద రంగు ఇంకా మెత్తగా ఉంటే దాన్నీ లాగేస్తాయి. అప్పుడు గోటి చివర, క్యూటికల్ పక్కన సన్నని ఖాళీ పట్టీ వస్తుంది. అది సమంగా ఉంటుంది, సాధారణంగా మొదటి కొద్ది గంటల్లోనే కనిపిస్తుంది. పెచ్చు అలా ఉండదు, అంచు ఎగుడుదిగుడుగా విరిగి గోటిదాకా లేస్తుంది. ఇక అరుగుదలలో చివర్న రంగు క్రమంగా పలచబడుతుంది, విరగదు. మూడింటినీ కలిపి "చిప్పింగ్" అని రాసేవాళ్లు చాలామంది. చదివేవాళ్లకు కావలసింది ఏది జరిగిందన్నదే.

పసుపు మరక విషయంలో బేస్ కోట్ లేకపోవడమే మొదటి అనుమానం. కొన్ని ఎరుపు రంగులు పాలిష్‌లోని సాల్వెంట్‌తో పాటు గోటి పైపొరల్లోకి ఇంకుతాయి. కాబట్టి మరక పడటం సీసా గుణమే, రివ్యూలో రాయాల్సిందే, కానీ బేస్ కోట్ వేసినా పడిందా లేదా అన్నది పక్కనే ఉండాలి. రెండూ తెలియాలంటే తొమ్మిది వేళ్లకు బేస్ వేసి ఒక్క చిటికెన వేలికి మానేయండి. పడ్డ మరకను ఫైల్‌తో గీకొద్దు, గోరు పలచబడుతుంది. చేతిగోరు నెలకు దాదాపు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది, మరక దానితో పాటే జరిగి కత్తిరింపులో పోతుంది.

పదివేళ్లు:
పోల్చే పద్ధతి గురించి. ఎడమచేతికి ఒక పాలిష్, కుడిచేతికి ఇంకొకటి వేసి పోల్చకండి. పనిచేసే చేతి బొటనవేలు, చూపుడువేలు ఎక్కువ దెబ్బలు తింటాయి, ఏ పాలిష్ వేసినా ముందు పోయేవి అవే. వేలు విడిచి వేలికి వేయండి: కుడిచేతి బొటనవేలికి మొదటిది, చూపుడువేలికి రెండోది, మధ్యవేలికి మళ్లీ మొదటిది, ఇలా. ఎడమచేతికి బొటనవేలి నుంచి రెండోదానితో మొదలుపెట్టండి. అప్పుడు ఒక్కో పాలిష్‌కు ఒక బొటనవేలు, ఒక చూపుడువేలు వస్తాయి. తర్వాతి విడత చేతులు మార్చండి.

పోల్చే రెండింటిలో ఒకటి మీకు బాగా అలవాటైన పాత పాలిష్ అయితే చాలా మేలు. అదీ రెండో రోజే ఊడితే గోటిని సిద్ధం చేయడంలోనో, టాప్ కోట్‌లోనో, ఆ వారం చేసిన పనిలోనో తేడా ఉన్నట్టు. కొత్తది ఒక్కటే ఊడితే అప్పుడు దాన్ని ధైర్యంగా అనొచ్చు. ఒక విడతలో ఒక్కటే మార్చండి. కొత్త రంగు, కొత్త బేస్, కొత్త టాప్ మూడూ ఒకేసారి వేస్తే ఏది చెడగొట్టిందో తేలదు.

రోజూ ఒకే వేళకు చూసి వేలివారీగా రాసుకోండి: అరుగుదల ఎంత వెడల్పు, పెచ్చు ఎక్కడ, మెరుపు తగ్గిందా. గిన్నెలు కడిగేటప్పుడు గ్లవ్స్ వాడితే అదీ రాయాలి. గోళ్లు పలచనివా, వంగే రకమా అన్నది తప్పకుండా రాయండి. వంగే గోటి మీద గట్టి పొర త్వరగా చిట్లుతుంది. అదే సీసా ఒకరికి వారం, ఇంకొకరికి రెండు రోజులు నిలవడానికి తరచూ కారణం ఇదే.

రంగు ఎంత కప్పుతుందో గోటి మీద తేల్చడం కష్టం. పారదర్శక ప్లాస్టిక్ స్వాచ్ స్టిక్ (రంగు నమూనా వేసి చూసే పుల్ల) మీద ఒక చోట ఒక కోట్, పక్కన రెండు, ఆ పక్కన మూడు వేసి, పూర్తిగా ఆరాక అచ్చు కాగితం మీద పెట్టండి. ఎన్నో కోట్‌కు అక్షరాలు కనిపించకుండా పోతాయో అదే రాయండి.

ఫోటో నీడలో, పగటి వెలుతురులో తీయండి, పక్కన తెల్ల కాగితం ఉంచండి. నియాన్ రంగులు, కొన్ని ఊదా రంగులు కెమెరాలో తప్పుగా పడతాయి. ఊదా నీలంగా కనిపిస్తే ఆ మాట ఫోటో కిందే చెప్పండి.

లేతగులాబీ:
ఇక్కడ ఎవరూ అనలేదు కాబట్టి ఒక మాట. వరసపెట్టి పాలిష్‌లు పరీక్షించేవాళ్లకు కనురెప్పల మీద, మెడ మీద దురద, ఎర్రటి పొలుసులు వస్తే కొత్త ఫేస్ క్రీమ్ ఒక్కదాన్నే అనుమానించకండి. టోసిలమైడ్ ఫార్మాల్డిహైడ్ రెసిన్ ఉన్న పాలిష్ పడనివాళ్లకు వేళ్ల దగ్గర ఏమీ లేకుండా, గోళ్లు తరచుగా తాకే కనురెప్పల మీద, మెడ మీదే దద్దురు రావచ్చు. పదార్థాల జాబితాలో ఆ పేరు ఉందేమో చూడండి. పాలిష్ మొత్తం తీసేసి, పరీక్షలు ఆపి, చర్మ వైద్యుల దగ్గర ప్యాచ్ టెస్ట్ (ఏది పడదో చర్మం మీద అతికించి చూసే పరీక్ష) చేయించుకోండి. జెల్ పాలిష్‌తో ఇంకా జాగ్రత్త అవసరం. అది యూవీ దీపం కింద గట్టిపడే రకం. దీపం కింద సరిగా గట్టిపడని జెల్ చర్మానికి అంటితే అందులోని అక్రిలేట్లనే రసాయనాలకు అలర్జీ పుట్టొచ్చు, ఒకసారి పుడితే సాధారణంగా పోదు. చర్మానికి అంటిన జెల్‌ను దీపం కింద పెట్టకముందే తుడిచేయాలి.

నున్నగోరు:
అందరికీ ధన్యవాదాలు. గంట ఆగి, ఆల్కహాల్‌తో తుడిచి, బేస్ వేసి, వేలు విడిచి వేలికి వేశాను. బుడగలు లేవు, ఎక్కడా పెచ్చు లేవలేదు. కానీ నాలుగో రోజు రెండు వేళ్లకు కొత్త పాలిష్ పొర మొత్తం ఒకే ముక్కగా ఊడివచ్చింది. పాతది అన్ని వేళ్లకూ ఉంది. ఇప్పుడు ఇది పాలిష్ లోపమని రాయొచ్చా?

బ్యూటైల్:
ఊడిన ముక్కను పారేయకుండా ఉంటే దాని వెనకవైపు, ఆ గోటినీ వెలుతురులో చూడండి. మూడు రకాలుగా ఉండొచ్చు.

గోరు ఏ పూతా మిగలకుండా, మెరుపు లేకుండా ఉండి, ముక్క వెనక బేస్ కోట్ కనిపిస్తే గోటికీ బేస్‌కూ మధ్య పట్టు పోయినట్టు. అప్పుడు రంగును తప్పుపట్టలేం. ఆ రెండు వేళ్లు సరిగా తుడవలేదేమో, లేదా ఆ బేస్ మీ గోటికి సరిపడలేదేమో చూడాలి.

గోటి మీద బేస్ మెరుస్తూ మిగిలిపోయి రంగు మాత్రం ఊడితే బేస్‌కూ ఈ రంగుకూ పొసగలేదు. అదే బేస్ మీద పాతది నిలిచింది కాబట్టి ఇది రాయదగ్గ విషయమే, కానీ "ఈ బేస్‌తో" అని పేరు పెట్టి రాయాలి. వేరే బేస్‌తో ఇంకో విడత చూసి, అప్పుడూ ఊడితే ఆ షరతు తీసేయొచ్చు.

మూడోది చాలామంది గమనించనిది: ముక్క వెనక తెల్లటి పల్చని పొలుసు అంటుకుని, గోరు అక్కడ గరుకుగా ఉంటే పాలిష్ పట్టు వదల్లేదు, గోటి పొరలే చీలి దానితో వచ్చేశాయి. అలాంటి గోళ్లకు ఏ పాలిష్ వేసినా నిలబడదు. ఆ రెండు వేళ్లనూ లెక్కలోంచి తీసేసి, చీలిన భాగం పెరిగి కత్తిరించేదాకా పరీక్షలకు వాడకండి.