సమస్యాపూరణం: చెడ్డవారి తోడి చెలిమి మేలు

నిర్వాహకుడు: ఈ వారం సమస్య ఆటవెలది చివరి పాదం. మిగతా మూడు పాదాలు మీరు అల్లి పద్యం పూర్తిచేయాలి. దుర్జన సాంగత్యం మంచిదని ఒప్పించాలి, లేదా ఆ మాట ఎవరి నోటనైనా పెట్టి తప్పించుకోవాలి.

తెనాలి అక్కయ్య:
వేదవిద్య మాని వెలయాలి మరిగిన
నిగమశర్మ తలచె నీతి మరచి:
అక్క మాట లేల? ఆటపాటలె చాలు
చెడ్డవారి తోడి చెలిమి మేలు.

సిద్దిపేట మాస్టారు: మీ ఊరి కవి తెనాలి రామకృష్ణుడి కథే ఎత్తుకున్నారు! పాండురంగమాహాత్మ్యంలో నిగమశర్మ అక్కకి ఎదురు చెప్పడు. బుద్ధిగా విని, కొన్నాళ్ళు మారినట్టే ఉండి, ఒక రాత్రి నగలు మూటగట్టుకుని పోతాడు. అందుకే 'పలికె' అనకుండా 'తలచె' అనడం నాకు తెగ నచ్చింది. మూడో పాదంలో మాత్రం విసంధి, అంటే కలపాల్సిన చోట సంధి చేయకుండా వదిలేశారు. 'లేల యాటపాటలె' అనండి, యతికి (పాదంలో అక్షరాల పొత్తుకి) ఢోకా లేదు.

డాలస్ తమ్ముడు: ఇక్కడ 'కుళ్ళిన ఆపిల్ ఒక్కటి బుట్టంతా పాడుచేస్తుంది' అంటారు. దాన్నే పెడదామంటే సమస్యకి అడ్డం తిరిగింది. ఇలా మార్చా:
మంచి ముసుగు దొడిగి మర్మము దాచెడి
నంగనాచి కన్న నమ్మదగును
కత్తి చూపి వచ్చు కరకు దొంగను గూడ
చెడ్డవారి తోడి చెలిమి మేలు.

సిద్దిపేట మాస్టారు: ఊహ బాగుంది తమ్ముడూ, అన్వయమే తెగింది. 'కన్న' రెండో పాదంలోనే ఖర్చైపోయింది, నాలుగో పాదం ఒంటరిగా నిలబడి తప్పుడు సలహా ఇస్తోంది. 'కన్న'ని సమస్యకి ఆనించండి.

డాలస్ తమ్ముడు: సవరణ:
మంచి ముసుగు దొడిగి మర్మము దాచుచు
పూజ చేయుచుండి పొరుగు దోచు
నంగనాచి కన్న నల్గురెరుగునట్టి
చెడ్డవారి తోడి చెలిమి మేలు.

తెనాలి అక్కయ్య: 'నల్గురెరుగునట్టి' దగ్గర పద్యం లేచి కూర్చుంది. శభాష్!

సిద్దిపేట మాస్టారు: నా పూరణ:
జూదమందు నోడి సొమ్ములు పోయిన
ధర్మజునకు దోడు దైవమైన
కృష్ణు డెరిగి చూపె గీడైన వేళను
చెడ్డవారి తోడి చెలిమి మేలు.

డాలస్ తమ్ముడు: మాస్టారూ, పాండవులు చెడ్డవారా?

సిద్దిపేట మాస్టారు: చెడినవారయ్యా, ఆస్తిపాస్తులు పోయినవారు. పడు నుంచి పడ్డ వచ్చినట్టే చెడు నుంచి చెడ్డ.

తెనాలి అక్కయ్య: వ్యాకరణం సరే. చదివేవాడికి ముందు తట్టేది దుష్టులే కదండీ. సొమ్ములు పోయాయని మొదటి పాదంలోనే చెప్పారు కాబట్టి గట్టెక్కారు.

నిర్వాహకుడు: కందంలో రాయొచ్చా అని ఇద్దరు అడిగారు. ఇది అన్నీ సూర్యగణాలున్న (న, హ గణాల) పాదం, నాలుగు మాత్రల గణాలతో నడిచే కందంలో ఇమడదు. ఆటవెలదిలోనే పంపండి. శకుని మీద ఇప్పటిదాకా ఎవరూ రాయలేదు.