చేతుల మీద వయసు మచ్చలు: లేజర్ చేయించుకోవాలా, వదిలేయాలా?

తెనాలి టీచరమ్మ
నాకు 52 ఏళ్లు. 18 ఏళ్లుగా స్కూటీ మీద పక్క ఊరి బడికి వెళ్లొస్తున్నాను, రానూపోనూ 22 కిలోమీటర్లు. మొహానికి స్కార్ఫ్ కట్టుకునేదాన్ని గానీ చేతుల సంగతి ఏనాడూ పట్టించుకోలేదు. నాలుగేళ్ల నుంచి చేతుల పైవైపు కందిగింజంత గోధుమ రంగు మచ్చలు వస్తున్నాయి. చర్మం గిల్లి వదిలితే మడత అలాగే కాసేపు నిలబడుతోంది. బోర్డు మీద రాస్తుంటే ఎవరిదో చెయ్యి చూస్తున్నట్టుంది. ఒక క్లినిక్‌లో చూపిస్తే ఆరు సిట్టింగుల లేజర్, నరాలు కనపడకుండా ఫిల్లర్ ఇంజెక్షన్ అన్నారు. మొత్తం నా రెండు నెలల జీతం. మా అమ్మాయి చేయించుకోమంటోంది, మా ఆయన ఎందుకంటున్నారు. మీరేమంటారు? "ఈ వయసులో ఇవన్నీ దేనికి" అని మాత్రం అనకండి, అది రోజూ ఇంట్లో వింటున్నదే.

చెరువుగట్టు
ఆ మాట అననమ్మా. కానీ డబ్బు సంగతి చెప్పాలి. ఫిల్లర్ ఒక్కసారితో తీరేది కాదు. ఏడాది అటూ ఇటూగా కరిగిపోతుంది, మళ్లీ వేయించుకోవాల్సిందే. రిటైరయ్యేదాకా కట్టుకుంటూ పోతారా? మా అమ్మ జీవితమంతా కొబ్బరినూనెతోనే గడిపింది, డెబ్బైలో కూడా చేతులు నున్నగా ఉండేవి. పొద్దున్నే నిమ్మచెక్క మీద పంచదార వేసి రుద్దండి, మచ్చలు అవే తగ్గుతాయి.

స్కిన్ పీజీ
నిమ్మచెక్క వద్దండీ, దయచేసి. నేను చర్మవ్యాధుల విభాగంలో పీజీ చేస్తున్నాను. నిమ్మరసం అంటిన చర్మానికి ఎండ తగిలితే బొబ్బలు లేచి, అవి మానాక నల్లటి చారలు నెలల తరబడి ఉండిపోతాయి. షర్బత్ చేసి చేతులు సరిగ్గా కడుక్కోకుండా ఎండలోకి వెళ్లినవాళ్లకి కూడా వస్తుంది. పొద్దున్నే రుద్దుకుని స్కూటీ ఎక్కడమంటే కోరి తెచ్చుకోవడమే. కొబ్బరినూనె మంచిదే, పొడిబారకుండా కాపాడుతుంది, కానీ మచ్చ పోదు.

చేతుల పైవైపు చర్మం పలచన, కింద కొవ్వు తక్కువ, నూనె గ్రంథులూ తక్కువే. వయసుతో ఆ కాస్త కొవ్వూ తగ్గాక నరాలు తేలతాయి. ఇది వయసు పని. మచ్చలు మాత్రం చాలావరకు ఎండ పని. ఫిల్లర్ అంటే మోసమేమీ కాదు, చేతులకి వాడేందుకు అమెరికాలో 2015లోనే ఒక రకానికి అనుమతి వచ్చింది. కానీ అది నరాలకే, మచ్చలకి కాదు. టీచర్ గారికి రెండూ కలిపి ఒకే ప్యాకేజీగా చెప్పడం నాకు నచ్చలేదు.

లేజర్ గురించి ఒక హెచ్చరిక. మన రంగు చర్మం మీద వేడి ఎక్కువైతే మచ్చ పోయిన చోటే ఇంకా నల్లటి మచ్చ వస్తుంది. ముందు ఒక్క మచ్చ మీద చేయించుకుని ఆరు వారాలు చూడండి. అలా కుదరదంటే ఆ చోటే వదిలేయండి. అన్నట్టు, వేళ్ల కణుపులు కూడా నల్లబడ్డాయా? అది విటమిన్ బీ12 లోపం వల్ల కూడా కావచ్చు, రక్తపరీక్ష చేయించండి. మచ్చ పెరుగుతున్నా, అంచులు వంకరటింకరగా ఉన్నా, రక్తం కారినా ఆలస్యం చేయకుండా డాక్టరుకి చూపించాలి.

పద్మజ_కాకినాడ
అందరూ జాగ్రత్త. నేను మందుల షాపులో మచ్చలకి ట్యూబ్ అడిగితే చీటీ లేకుండానే ఇచ్చారు. ఎనిమిది నెలలు రాశాను. మొదట తెల్లబడింది, సంతోషించాను. తర్వాత చర్మం ఉల్లిపొరలా పలచబడి గాజు తగిలినా కమిలిపోయేది. అందులో స్టెరాయిడ్ ఉందని డాక్టర్ గారు చెప్పేదాకా తెలీదు. ఇలాంటి క్రీములు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లోనే రూలు పెట్టారు. అయినా నాకిచ్చేశారు.

టెక్సాస్ తెలుగు
నా రెండు చేతులూ పక్కపక్కన పెడితే ఎడమ దాని మీదే మచ్చలెక్కువ. ఇక్కడ స్టీరింగ్ ఎడమవైపు, 14 ఏళ్లుగా రోజూ గంటన్నర డ్రైవింగ్. కారు అద్దంలోంచి ఎండలో చర్మాన్ని కాల్చే యూవీబీ కిరణాలు రావు గానీ చర్మాన్ని ముదరబెట్టే యూవీఏ కిరణాలు చాలా వస్తాయి, పక్క అద్దాల్లోంచి మరీనూ. ఇండియాలో కారు నడిపేవాళ్లు కుడి చెయ్యి చూసుకోండి.

ఖమ్మం దిక్కు
అందరు మచ్చల గురించే మాట్లాడుతున్నరు. మా అమ్మది వేరే కష్టం. ముప్పై ఏండ్ల సంది మిర్చి ఏరుడు, కలుపు తీసుడు. వేళ్ల మీద గీతలే అరిగిపోయినయ్. రేషన్ దుకాణంల ఐదుసార్లు పెట్టినా వేలిముద్ర పడలే, ఆఖరికి కన్ను స్కాన్ చేసి బియ్యం ఇచ్చిన్రు. వయసు మీద పడ్డ చేతులంటే మా ఇంట్ల గిదే. రెండు నెలల జీతం లేజర్‌కంటే మనసుకు కష్టమైతది అక్కా. ఎవరిష్టం వాళ్లది, తప్పు అంటలేను. ఇంగ సన్‌స్క్రీన్ అంటరు, ఆ పరిశోధనలన్ని తెల్లోళ్ల మీద చేసినవే గద, మనకెట్ల పనికొస్తయ్?

స్కిన్ పీజీ
మీ ప్రశ్న న్యాయమైనది అన్నా. ఆస్ట్రేలియాలో నాంబూర్ అనే ఊళ్లో 1992 నుంచి 1996 దాకా సన్‌స్క్రీన్ మీద ఒక పరిశోధన చేశారు, ఫలితం 2013లో వచ్చింది. 55 ఏళ్ల లోపు 903 మంది. చేతి పైవైపు చర్మానికి సిలికాన్ అచ్చులు తీసి గీతలు చూశారు. రోజూ సన్‌స్క్రీన్ రాసినవాళ్లలో, ఇష్టమైనప్పుడు రాసుకున్నవాళ్ల కన్నా చర్మం ముదరడం 24 శాతం తక్కువ. వాళ్లది తెల్ల చర్మమే, నిజం. మనకి ముడతలు ఆలస్యంగా వస్తాయి గానీ నల్లమచ్చలు త్వరగా పడతాయి, దానికి మామూలు వెలుతురు కూడా తోడవుతుంది. అందుకే మనకి ఐరన్ ఆక్సైడ్ కలిసిన, రంగున్న సన్‌స్క్రీన్ మేలు. కానీ చేతులు కడిగిన ప్రతిసారీ పోతుంది, మళ్లీ రాయాలి. రోజూ బండి నడిపేవాళ్లకి క్రీము కన్నా గ్లౌజులే నయం.

అమ్మకి రాత్రి పడుకునే ముందు చేతులకి పెట్రోలియం జెల్లీ దట్టంగా రాసి పాత కాటన్ సాక్సులు తొడగండి. పొడిబారిన వేళ్ల మీద గీతలు కాస్త తేలే అవకాశం ఉంది. తర్వాత ఆధార్ సెంటర్‌లో వేలిముద్రలు మళ్లీ నమోదు చేయించండి.

చెరువుగట్టు
నిమ్మకాయ సలహా వెనక్కి తీసుకుంటున్నాను, నాకు తెలీదు. లేజర్ మీద మాత్రం నా మాట మారలేదు. ఎండలో తిరగడం ఆగనిదే మచ్చలు తీయించుకుంటే, తూము మూయకుండా నీళ్లు తోడినట్టే.

తెనాలి టీచరమ్మ
తమ్ముడూ, అమ్మ వేలిముద్రల సంగతి చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. కానీ నా చేతుల మీద నాకున్న దిగులు కూడా నిజమే. ఒకటి పెద్దదని రెండోది లేకుండా పోదు.

ఫిల్లర్ వద్దనుకున్నాను. సంక్రాంతి సెలవుల్లో ఎడమ చేతి మీద ఒక్క మచ్చకి చేయించుకుంటాను, ఆరు వారాలు చూస్తాను. చెరువుగట్టు గారి తూము మాట సబబే, అందుకే నిన్న కాటన్ గ్లౌజులు కొన్నాను. బ్రేకు పట్టుకుంటే జారుతున్నాయి. అరచేతి వైపు రబ్బరు చుక్కలున్నవి, మోచేతి దాకా వచ్చేవి తెనాలిలో ఎక్కడ దొరుకుతాయో ఎవరికైనా తెలుసా?