"చెల్క"ను "మెట్ట పొలం" అని దిద్దితే ఏం పోతుంది?

అందరికీ నమస్కారం. పోయిన నెల ఒక పత్రికకు మా ఊరి భూముల గురించి చిన్న వ్యాసం పంపాను. మాది దేవరకొండ వైపు. అందులో మా మేనత్త అన్న మాట ఒకటి ఉన్నదున్నట్టు రాశాను: "పిల్ల పెండ్లికి పొలం అమ్మిండు, చెల్క ఉంచుకుండు." అచ్చులో అది "పొలం అమ్మాడు, మెట్ట పొలం ఉంచుకున్నాడు" అని వచ్చింది. దిద్దినవారు మంచికే దిద్ది ఉంటారు. కానీ చదివి మనసు చివుక్కుమంది.

మా దగ్గర పొలం అంటే వరి మడి. నీళ్ళు కట్టే భూమి. వానను నమ్ముకునేది చెల్క. మా మేనత్త ముందు "మెట్ట పొలం" అంటే ఆమెకు అర్థమే కాదు, పొలమంటే తడి ఉండాలి కదా. ఆ మనిషి ఏటా గింజ గ్యారంటీ ఉన్న భూమి వదులుకొని, మొగులు వైపు చూసే భూమి మిగుల్చుకున్నాడని ఆమె బాధ. దిద్దిన వాక్యంలో ఆ బాధ లేదు. నిజాం కాలం నుంచి పహాణీల్లో, అంటే భూమి లెక్కల పుస్తకాల్లో, ఇదే తేడాను తరి, ఖుష్కి అని రాస్తూ వచ్చారు. జనం మాత్రం పొలం, చెల్క అనే అన్నారు.

ఇక చెల్క అనే మాటలో ఉన్న మట్టి సంగతి. నల్గొండ, పాలమూరు నేల కింద ఎక్కువగా గ్రానైట్, నైస్ రాళ్ళు. ఆ రాళ్ళు అరిగితే వాటిలోని పలుగురాయి మాత్రం కరగదు, గరుకు ఇసుకై మిగిలిపోతుంది. ఇనుము తుప్పు పట్టి ఎరుపునిస్తుంది. బంకమట్టి తక్కువ, కుళ్ళిన ఆకు అలము తక్కువ. అందుకే నీళ్ళు నిలవవు, వేసిన యూరియా కూడా పెద్ద వానకు కిందికి దిగిపోతుంది. ఒకేసారి పోయకుండా దఫాలుగా వేయమనేది అందుకే.

మా నాయిన వాన పడ్డ మర్నాడు చెల్కలో బొటనవేలితో గీరి, తడి ఎంత లోతు దిగిందో చూసేవాడు. తర్వాత పిడికెడు మట్టి తీసి గట్టిగా పిసికేవాడు. ముద్దయి, వేలితో తడితే విరిగిపోతే అది చెల్క, పదును కుదిరినట్టే. ముద్దే కాకుండా వేళ్ళ సందుల నుంచి జారిపోతే దుబ్బ. రేగడి అయితే చేతికి అంటుకొని, రుద్దితే తాడులా సాగుతుంది. మా ఊళ్ళో ఈ మూడూ ఒకే వాలు మీద ఉంటాయి. గట్టు దగ్గర దుబ్బ, కాస్త దిగితే చెల్క, చెరువు వైపు రేగడి.

చెల్కకు ఇంకో గుణం ఉంది. విత్తిన వెంటనే గట్టి వాన కొట్టి ఎండ కాస్తే పైన పెచ్చు కడుతుంది. లోపల మొలక మెడ వంచుకొని ఆగిపోతుంది. అప్పుడు మా అమ్మ తుమ్మకంప మీద రాయి పెట్టి చెల్కంతా ఈడ్చేది. పెచ్చు పగిలిన రెండో రోజుకు సజ్జ మొలకలు పచ్చగా లేచేవి. నేను వెనకాల నడుస్తూ కంపలో చిక్కిన గడ్డి తీసేదాన్ని. "ఎర్ర ఇసుక నేల" అని రాస్తే ఈ పని ఎక్కడా కనబడదు.

కొన్ని పుస్తకాల్లో "చల్కా నేలలు" అని కూడా ఉంటుంది. ఇంగ్లీషు అక్షరాల్లోకి వెళ్ళి తిరిగొచ్చిన రూపం అది అని నా అభిప్రాయం. చెల్క, చెలక రెండూ సరే. చల్కా మాత్రం వద్దు.

*భీమవరం నుంచి ఒక సభ్యుడు:* మేడమ్, మా వైపు పొలం అంటే ఏ సాగు భూమైనా. అందుకే మెట్ట పొలం మాకు సహజం. దుబ్బ అంటే దిబ్బకు మరో రూపమా?

*నేను:* కాదండీ. దిబ్బ ఎత్తుగా ఉండేది. మా దుబ్బ వదులుగా ఉండే మట్టి. "దుబ్బ లేస్తుంది" అంటే దుమ్ము లేస్తుందని. గడ్డి దుబ్బు కట్టడం మళ్ళీ వేరే మాట.

*కల్వకుర్తి నుంచి ఒక సభ్యురాలు:* అక్కా, దుబ్బను తక్కువ చేయకండి. పల్లికి దుబ్బను మించింది లేదు. కాయ కట్టే ఊడలు నేలలోకి సులువుగా దిగుతాయి, చెట్టు పీకితే కాయ మొత్తం వస్తుంది. చెల్క ఎండితే సగం కాయ భూమిలోనే తెగిపోతుంది, ఏరుకోవాలి. ఆముదాలు, కంది చెల్కకు బాగుంటాయి, వేరు లోతుకు పోతుంది కాబట్టి నడుమ వాన ఆగినా ఓర్చుకుంటాయి. వెనక వానలకు ఉలవ. ఇప్పుడు అందరూ పత్తి వేస్తున్నారు. పూత మీద రెండు వారాలు వాన లేకపోతే రాలిపోతుంది. రేగడికి ఉన్న ఓపిక చెల్కకు లేదు. మేం చెరువు మట్టి తోలించాం, వేసంగిలో గొర్ల మంద పెట్టిస్తాం. చెరువు మట్టి పోసిన జాగ రెండు మూడు రోజులు ఎక్కువ తడి పడుతుంది.

*నేను:* నిజం చెల్లీ. బత్తాయి గురించీ చెప్పాలి. నీళ్ళు నిలిస్తే దాని వేరు కుళ్ళుతుంది. మా నల్గొండ తోటలకు ఈ ఎర్ర చెల్కే కలిసొచ్చింది.

*మిర్యాలగూడ నుంచి ఒక సభ్యుడు:* ఒక సందేహం. చెల్క మట్టి పేరా, భూమి రకం పేరా? మా తాత చెప్పేవారు, 1967లో సాగర్ ఎడమ కాలువకు నీళ్ళు వదిలాక చెల్కలను మళ్ళు కట్టి పొలం చేసుకున్నారట. మట్టి అదే కదా, పేరు మారింది.

*నేను:* అన్నా, నేను రాయాల్సింది మీరు చెప్పారు. మట్టి పేరే అయితే నీళ్ళు రాగానే మారకూడదు. "ఎర్ర చెల్క" అని మళ్ళీ ఎరుపును కలిపి చెప్పే అవసరమూ ఉండదు. కాబట్టి చెల్కలో రెండూ ఉన్నాయి: మట్టి తీరు, నీటికి దూరం. దుబ్బ అలా కాదు, అది మట్టి స్వభావమే. కాలువ కింద దుబ్బలో మడి కట్టినా దుబ్బ దుబ్బే, పొద్దున పెట్టిన నీళ్ళు సాయంత్రానికి ఉండవు.

*మిర్యాలగూడ:* అవును. మా ఊళ్ళో అలాంటి మళ్ళు రెండున్నాయి. వాటిని ఇప్పటికీ "దుబ్బ మడి" అనే అంటారు, కౌలు కూడా తక్కువ.