"ఇప్పుడు పురుగుమందు కొట్టొద్దు" అని రైతును ఒప్పించేదెలా?

కొత్త సలహాదారు:
వ్యవసాయంలో డిగ్రీ అయ్యాక సస్యరక్షణ సలహాదారుగా చేరాను. పురుగుల గుర్తింపు, ఆర్థిక నష్ట పరిమితి (ఎన్ని పురుగులు చేరితే మందు కొట్టక తప్పదో చెప్పే లెక్క), మందుల గ్రూపులు (పురుగు మీద పనిచేసే తీరును బట్టి చేసిన విభజన), ఇవన్నీ చదివిన మేరకు బాగానే వచ్చు. ఇబ్బంది ఇంకో చోట. చేలోకి వెళ్తాను, ఆకుల రసం పీల్చే పేనుబంక కొద్దిగానే ఉంటుంది, దాన్ని తినే అక్షింతల పురుగులూ కనిపిస్తాయి. "వారం ఆగండి" అంటాను. రైతు సరేనంటారు. మళ్లీ వెళ్లేసరికి రెండు మూడు మందులు కలిపి కొట్టేసి ఉంటారు. ఇదేంటండీ అంటే, "మీరేమీ రాసివ్వలేదు కదా" అంటారు.

మందు పేరు రాయకపోతే సలహా ఇవ్వనట్టేనా? పైగా నేను ఆగమన్నాక పురుగు పెరిగితే ఆ నష్టం నా మెడకే చుట్టుకుంటుందని ఒకటే టెన్షన్. ఈ పనిలో ఏళ్లుగా ఉన్నవాళ్లు ఏం చేస్తారో చెప్పండి.

గట్టు మీద లెక్క:
ఉత్తినే "ఆగండి" అంటే రైతు చెవికి "నాకు తెలీదు" అన్నట్టే వినిపిస్తుందండి. ఆగమన్నప్పుడూ కాగితం రాసివ్వండి. ఇవాళ మొక్కకు ఎన్ని పురుగులు కనిపించాయి, ఎన్నికి చేరితే మందు కొట్టాలి, మీరు మళ్లీ ఏ రోజు వస్తారు, ఇవి రాస్తే చాలు. మందు పేరు లేకపోయినా ఆ కాగితాన్ని జేబులో పెట్టుకుంటారు. చెప్పిన రోజుకు మీరు వెళ్లకపోతే మాత్రం ఇక మీ మాట ఎవరూ వినరు.

లెక్క మీరు పెట్టకండి, రైతు చేత పెట్టించండి. గట్టు పక్క మొక్కలు వదిలేసి, చేనంతా అడ్డదిడ్డంగా తిరుగుతూ ఇరవై మొక్కల ఆకులు తిప్పి చూడమనండి. పేనుబంక లెక్కతో ఆపేయొద్దు. అక్షింతల పురుగును అందరూ గుర్తుపడతారు గానీ, చిన్న మొసలిలా నల్లగా పాకే దాని పిల్లను చాలామంది శత్రు పురుగే అనుకుంటారు. పేనుబంకను బాగా తినేది అదే! అలాగే ఉబ్బిపోయి, గోధుమ రంగుకు తిరిగి, ఆకుకు అంటుకుపోయిన పేనుబంక పురుగులు కనిపిస్తాయి. వాటి లోపల బుల్లి కందిరీగ పిల్ల పెరుగుతుంటుంది. భూతద్దం రైతు చేతికిచ్చి చూపించండి. ఒకసారి చూసినవాళ్లు మళ్లీ వాళ్లంతట వాళ్లే వెతుకుతారు.

ఇంకా నమ్మకం కుదరని వాళ్లతో వాదన పెట్టుకోకండి. 1990లలో వియత్నాంలోని మెకాంగ్ డెల్టాలో వరి రైతులు ఆకుముడత పురుగు కనిపించగానే మందు కొట్టేవాళ్లు. అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ శాస్త్రవేత్త కె.ఎల్. హియాంగ్ బృందం వాళ్లకు ఉపన్యాసాలు ఇవ్వలేదు. మీ పొలంలోనే ఒక ముక్కలో విత్తాక మొదటి 40 రోజులు పురుగుమందు కొట్టకుండా చూడండి అన్నారు. దిగుబడి తగ్గలేదని రైతులే కోత దగ్గర చూసుకున్నారు. ఆ వయసులో వరి కొత్త ఆకులు, పిలకలు వేసి నష్టం పూడ్చుకుంటుంది. మీరూ ఒక మూల వదిలేయమని అడిగి చూడండి, చేనంతా వదిలేయమంటే ఎవరు ఒప్పుకుంటారు?

అలాగని అన్ని పురుగుల దగ్గరా ఇంత ఓపిక పనికిరాదు. పత్తిలో గులాబీ రంగు పురుగు ఒకసారి కాయలో దూరిందంటే పైన ఏం కొట్టినా దానికి అందదు. లింగాకర్షక బుట్టలో (ఆడ పురుగు వాసనతో మగ రెక్కల పురుగులను రప్పించి పట్టేది) వరుసగా మూడు రాత్రులు 8 చొప్పున రెక్కల పురుగులు పడితే వెంటనే కదలాల్సిందే.

నేను రైతునే:
పక్క చేలో పిచికారీ చేస్తుంటే చేతులు కట్టుకుని కూర్చోవడం ఎంత కష్టమో మీ ఇద్దరికీ తెలిసినట్టు లేదు. నష్టపోయేది మా పంట. మా దగ్గరికి వచ్చే ఆయన మాట నేను వినేది ఒక్కందుకే, ఫోన్ చేస్తే ఎత్తుతాడు. ఫొటో పంపితే అది ఏ పురుగో చెప్తాడు.

ఆకు అడుగున:
అలా కలిపి కొట్టే మందుల మీద ఒక మాట. వరిలో సింథటిక్ పైరిథ్రాయిడ్ రకం పురుగుమందు కొడితే, సుడిదోమను తినే సాలీళ్లు, మిరిడ్ నల్లులు చచ్చిపోతాయి. సుడిదోమ గుడ్లు మాత్రం ఆకు తొడుగు లోపల భద్రంగా ఉంటాయి. అవి పొదిగేసరికి తినేవాళ్లు ఉండరు, దోమ ఇంతకు ముందుకన్నా ఎక్కువ అవుతుంది. ఈ దెబ్బ తిన్నాకే ఇండోనేషియా 1986లో వరి మీద 57 రకాల పురుగుమందులను నిషేధించింది.

ఇంకోటి, మందు పేరుతో పాటు గ్రూపు నంబరూ రాయండి. క్లోరాంట్రానిలిప్రోల్ అనే పురుగుమందు పనిచేయలేదని ఫ్లూబెండియమైడ్‌కు మారేవాళ్లు ఉంటారు. రెండూ 28వ గ్రూపే! డబ్బా మారింది గానీ పురుగుకు తగిలే దెబ్బ అదే.

అసలు మీ జీతం ఎక్కడి నుంచి వస్తుంది? మందుల అమ్మకం మీద కమీషన్ ఉంటే పైన చెప్పినవేవీ ఎక్కువ రోజులు నిలబడవు. సలహా ఇచ్చేవాళ్లు, మందు అమ్మేవాళ్లు వేరుగా ఉండాలని ఫ్రాన్స్ 2021లో నిబంధన అమలు చేసింది ఊరికే కాదు, 2025లో దాన్ని సడలించినా సరే.

కొత్త సలహాదారు:
కమీషన్ లేదండి, నెల జీతమే. కాగితం ఆలోచన బాగుంది, ఈ వారమే మొదలుపెడతాను. రైతు గారూ, నా నంబరు అందరికీ ఇస్తాను. ఒక సందేహం: లెక్క రాసిచ్చాక మధ్యలో గట్టి వాన పడితే?

గట్టు మీద లెక్క:
పాత లెక్క చెల్లదు. పేనుబంక, తామర పురుగులు చాలావరకు కొట్టుకుపోతాయి. వాన వెలిశాక మళ్లీ ఆకులు తిప్పి చూసే దాకా మందు ఊసెత్తకండి. శిలీంధ్రపు తెగుళ్ల సంగతి వేరు, వాటిలో చాలావాటికి వాన తడే కావాలి. మచ్చలు బాగా కనిపించే దాకా ఆగితే ఆలస్యమైపోతుంది, కాబట్టి "ఆగండి" కాగితం మీద "ఇది పురుగుకు మాత్రమే" అని కూడా రాయండి.